స్పానిష్ రచయితలకు పత్రిక ఇంటి అద్దె కోసం చేసిన కొలువేనా?

కొన్ని వారాలుగా ఒక పోస్టు వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో తిరుగుతోంది. సాహిత్యమంటే ప్రాణం పెట్టే మిత్రులే నాకు పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది. వార్తను కథలా చెప్పడం 1966లో అమెరికాలో ట్రూమన్ కపోటీ ‘ఇన్ కోల్డ్ బ్లడ్’తో పుట్టిందట, స్పానిష్‌లో రాసేవాళ్లు దాన్ని చూసి నేర్చుకున్నారట. అంతకుముందు స్పెయిన్‌లో, లాటిన్ అమెరికాలో కవులు, నవలాకారులు పత్రికల్లో పనిచేసింది ఇంటి అద్దె కోసమేనట. పత్రికలో రాసింది మర్నాటికి పొట్లం కాగితమే, నిలిచింది వాళ్ల నవలలూ కవిత్వమేనట. కొలంబియా నవలాకారుడు గార్సియా మార్క్వెజ్ అంతటివాడు కూడా పేరు రాగానే పత్రికను వదిలేశాడట. ఆఖరున ఒక తీర్పు: సాహిత్యకారుడి చేతికి వార్త ఇస్తే కల్పన కలిపి పాడుచేస్తాడు, అందుకని ఈ రెండింటినీ దూరంగా ఉంచాలి.

నేను చాలా ఏళ్లు ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో పనిచేశాను. స్పానిష్ రచయితలను ఇష్టంగా చదువుతూ వచ్చాను. ఈ పోస్టు చదివిన ఒక కుర్ర రిపోర్టర్ మొన్న ఫోన్ చేసి, “అయితే సార్, నేను రోజూ రాసేది రాత కిందికి రాదా?” అని అడిగాడు. ఆ ప్రశ్న వినీ ఊరుకోలేక ఇది రాస్తున్నాను. ఆ ఐదు మాటల్లో మూడు పూర్తిగా తప్పు. మిగతా రెండింటిలో కొంత నిజం ఉంది, అది ఎంతో అక్కడే చెబుతాను.

ముందు ఆ 1966 సంగతి చూద్దాం.

1956 జూన్ 9 రాత్రి బ్యూనస్ ఎయిర్స్ శివార్లలో, ఫ్లోరిడా అనే పేటలో, ఒక ఇంట్లో కొందరు మగవాళ్లు చేరారు. రేడియోలో బాక్సింగ్ పోటీ వస్తోంది, అర్జెంటీనావాడికీ చిలీవాడికీ. అదే రాత్రి జనరల్ వాయే నాయకత్వంలో, పదవి నుంచి దించేసిన మాజీ అధ్యక్షుడు పెరోన్ మద్దతుదారులు సైనిక ప్రభుత్వం మీద తిరగబడ్డారు. ఆ ఇంట్లో ఉన్నవాళ్లలో ఒకరిద్దరికి దాని గురించి తెలిసుండొచ్చు, చాలామందికి ఏమీ తెలియదు. పోలీసులు లోపలికి దూసుకొచ్చి అందరినీ పట్టుకుపోయారు. తెల్లవారక ముందే పన్నెండు మందిని హోసే లియోన్ సువారెస్ అనే చోటికి, చెత్త పోసే మైదానానికి తీసుకెళ్లి, వ్యాన్ హెడ్‌లైట్ల వెలుగులో కాల్చారు. ఐదుగురు చనిపోయారు. ఏడుగురు చీకట్లో ఎలాగో బతికి బయటపడ్డారు. అందులో లివ్రాగా అనే యువకుడికి తూటా ముఖంలోంచి దూసుకుపోయింది.

ఆరు నెలల తర్వాత లా ప్లాతా నగరంలో, చదరంగం ఆడేవాళ్లు చేరే ఒక కాఫీ హోటల్లో, ఒకడు బీరు గ్లాసు ముందు కూర్చుని పక్కవాడితో అన్నాడు: “కాల్చేసినవాళ్లలో ఒకడు బతికే ఉన్నాడు.” ఆ పక్కవాడు రొదోల్ఫో వాల్ష్. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లవాడు. డిటెక్టివ్ కథలు రాసేవాడు, అనువాదాలు చేసేవాడు, రాజకీయాలు పెద్దగా పట్టనివాడు. ఆ ఒక్క వాక్యం అతని బతుకునే మార్చేసింది. లివ్రాగాను వెతికి పట్టుకుని కలిశాడు. ఇల్లు వదిలి, ఫ్రాన్సిస్కో ఫ్రెయిరె అనే దొంగ పేరుతో గుర్తింపు కార్డు పెట్టుకుని, జేబులో పిస్తోలుతో నెలల తరబడి తిరిగాడు. ఎన్రికెతా మునీస్ అనే యువ జర్నలిస్టు అడుగడుగునా తోడు నిలిచింది. మిగతావాళ్లను ఒక్కొక్కరినీ వెతికారు. ఇంత కథ చేతిలో ఉన్నా పెద్ద పత్రిక ఏదీ ముట్టుకోలేదు. చివరికి చిన్న చిన్న పత్రికల్లో అచ్చయింది, తర్వాత పుస్తకమైంది. దాని పేరు ‘ఒపెరాసియోన్ మసాక్రె’. అచ్చయిన ఏడాది 1957. కపోటీ పుస్తకానికి తొమ్మిదేళ్ల ముందు.

ఇందులో నన్ను ఎప్పుడూ కట్టిపడేసేది ఒక గడియారం లెక్క. తాము మార్షల్ లా ప్రకారమే కాల్చామని ప్రభుత్వం వాదించుకోవచ్చు. వాల్ష్ ప్రభుత్వ రేడియోలో అనౌన్సర్లు నింపే రిజిస్టర్ సంపాదించాడు. మార్షల్ లా ప్రకటన గాలిలోకి వెళ్లింది అర్ధరాత్రి దాటాక 12 గంటల 32 నిమిషాలకు, అంటే జూన్ 10న. ఆ మనుషులను పట్టుకున్నది అర్ధరాత్రికి ముందు, జూన్ 9న. లేని చట్టం కింద మనుషులను చంపారు. డిటెక్టివ్ కథలు రాసిన చేయి కాబట్టే ఆ నిమిషం దగ్గర ఆగింది. పుస్తకంలోనూ ముందు ఆ మనుషులెవరో, వాళ్ల ఇళ్లూ పిల్లలూ పనులూ ఎలా ఉండేవో ఒక్కొక్కరుగా చూపిస్తాడు, ఆ తర్వాత ఆ రాత్రిలోకి తీసుకెళ్తాడు, చివర సాక్ష్యాలు పరుస్తాడు. ఇందులో ఏది సాహిత్యం, ఏది జర్నలిజం అని గీత గీయమంటే నాకు చేతకాదు.

కపోటీని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, ఆయన పుస్తకం గొప్పది. అయితే ఇంగ్లీషులో కూడా మొదలు ఆయనది కాదు, జాన్ హెర్సీ ‘హిరోషిమా’ 1946లోనే వచ్చింది. స్పానిష్‌లో ఈ రకం రాతకు అరువు పేరుతో పని లేదు. దాన్ని క్రోనికా అంటారు. కళ్లతో చూసినదాన్నీ వెతికి తెలుసుకున్నదాన్నీ రచయిత గొంతుతో చెప్పే రాత అది. మెక్సికో రచయిత హువాన్ విల్యోరో దాన్ని వచనంలో ప్లాటిపస్ అన్నాడు. ప్లాటిపస్ గుడ్లు పెడుతుంది, పాలూ ఇస్తుంది, ముక్కు బాతుది. క్రోనికా కూడా నవల నుంచి ఒకటి, రిపోర్టు నుంచి ఒకటి, నాటకం నుంచి ఒకటి తీసుకుని బతికే జీవి అని ఆయన భావం. దానికి సొంత పేరు, సొంత వంశం ఉన్నాయి. ఆ వంశం ఎక్కడిదో చూస్తే రెండో మాట కూడా నిలబడదు.

“ఇంటి అద్దె కోసమే” అన్నారు. డబ్బు అవసరం నిజమే. కవి హోసే మార్తీ క్యూబా నుంచి బహిష్కృతుడై 1880ల్లో న్యూయార్క్‌లో ఉన్నాడు, పత్రికలు పంపే డబ్బు ఆయనకు కావాలి. కానీ జీతం పుచ్చుకున్నంత మాత్రాన చేసిన పని కూలి రాత అయిపోదు. ఆయన కారకాస్, బ్యూనస్ ఎయిర్స్, మెక్సికో నగరాల పత్రికలకు అమెరికా గురించి ఉత్తరాలు రాసేవాడు. ఆ రాత అలా తయారవడానికి ఒక కారణం టెలిగ్రాఫ్. తంతి వార్త గంటల్లో బ్యూనస్ ఎయిర్స్ చేరేది. మార్తీ ఉత్తరం ఓడెక్కి వారాల తర్వాత చేరేది. అప్పటికి పాఠకుడికి వార్త తెలిసిపోయి ఉంటుంది. ఇక ఆ ఉత్తరం కొత్తగా ఏం మోసుకురావాలి? జనం తొక్కిసలాట, వీధి చప్పుడు, ఒక ముఖం, ఒక ఆలోచన. తంతి చేయలేని పనంతా వచనం మీద పడింది. ఆ బరువు కిందే ఆయన వాక్యం అంత సాగింది, అంత మెరిసింది.

ఒక్క ఉదాహరణ చాలు. షికాగోలో కార్మికుల ఆందోళన తర్వాత నలుగురు అనార్కిస్టులను 1887 నవంబర్ 11న ఉరితీశారు. మార్తీ రాసిన కథనం బ్యూనస్ ఎయిర్స్ ‘లా నాసియోన్’లో వచ్చింది 1888 జనవరి 1న. యాభై రోజుల పాత సంగతి! అయినా ఈనాటికీ అది చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. అంతకుముందు ఇదే కేసు మీద రాసినప్పుడు మార్తీ ఆ ముద్దాయిల పక్షాన లేడు. నెలల తరబడి ఆ వార్తల వెంట నడుస్తూ, రాస్తూ రాస్తూ ఆయన మనసు మారింది. పత్రిక పని ఆయన చూపునే మార్చింది. అద్దె డబ్బుల కోసం మొక్కుబడిగా రాసేవాడికి ఇలా జరుగుతుందా?

మార్తీ పెద్దలకోసం రాసిన కవితా సంపుటాలు ఆయన బతికుండగా అచ్చయినవి చిన్నవి, రెండంటే రెండు, 1882లో ఒకటి, 1891లో ఒకటి. ఖండమంతా ఆయన్ని చదివింది పత్రికల్లో. అలా చదివినవాళ్లలో నికరాగువా కుర్రాడు రుబేన్ దారియో ఒకడు. స్పానిష్ కవిత్వాన్ని మలుపు తిప్పిన దారియో పుస్తకం ‘అసుల్’ 1888లో చిలీలో వచ్చింది. అందులోని కథలు చాలావరకు అంతకుముందు చిలీ పత్రికల్లో అచ్చయినవే. పదేళ్లకు, 1898లో అమెరికా చేతిలో ఓడిపోయి స్పెయిన్ కుంగిపోయి ఉన్నప్పుడు, ఆ దేశం ఎలా ఉందో చూసి రాయమని ‘లా నాసియోన్’ దారియోనే పంపింది. ఆ రిపోర్టులే 1901లో ‘ఎస్పాన్యా కొంతెంపొరానెయా’ అనే పుస్తకమయ్యాయి. మోడర్నిస్మో అని పాఠ్యపుస్తకాల్లో చదువుకునే సాహిత్య ఉద్యమం పెరిగింది దినపత్రికల కాలమ్‌లలోనే. పోస్టు రాసినవాళ్లు కవినీ విలేకరినీ ఇద్దరిగా ఊహించుకున్నారు. అక్కడ ఉన్నది ఒక్క మనిషే, ఒక్క టేబులే.

పొట్లం కాగితం మాటకు జవాబు స్పెయిన్‌లోనే, మార్తీకి యాభై ఏళ్ల ముందే ఉంది. మరియానో హోసే దె లర్రా 1809లో పుట్టాడు, 1837 ఫిబ్రవరి 13న తుపాకీతో ప్రాణం తీసుకున్నాడు. బతికింది ఇరవై ఏడేళ్లు. నవల రాశాడు, నాటకం రాశాడు, రెండూ 1834లో వచ్చాయి. ఆ రెండింటినీ ఇప్పుడు చదివేది ఎక్కువగా పరిశోధకులే. స్పెయిన్‌లో బడిపిల్లల దాకా అందరూ చదివేది ఆయన పత్రికా వ్యాసాలను. 1833 నాటి ‘రేపు రండి’లో ఒక ఫ్రెంచివాడు పదిహేను రోజుల్లో పనులు చక్కబెట్టుకుందామని మాడ్రిడ్ వస్తాడు. వెళ్లిన ప్రతిచోటా రేపు రమ్మంటారు. ఆరు నెలలు తిరిగి విసిగి వెళ్లిపోతాడు. ఆఫీసుల చుట్టూ తిరిగిన తెలుగువాడెవడైనా ఇది తన కథే అనుకుంటాడు.

1836లో, పెద్దల సమాధుల దగ్గరికి జనం వెళ్లే రోజున, లర్రా రాసిన వ్యాసంలో ఊరే శ్మశానంలా కనిపిస్తుంది. జనం ఊరి బయటి సమాధుల వైపు పోతుంటే ఆయన మాడ్రిడ్ వీధుల్లోకి నడుస్తాడు, ఒక్కో భవనం మీద ఒక్కో సమాధి రాత చదువుతాడు. అందులో ఒకటి: “ఇక్కడ సగం స్పెయిన్ పడి ఉంది, మిగతా సగం చేతిలో చచ్చింది.” సరిగ్గా వందేళ్లకు, 1936లో, ఆ దేశంలో అంతర్యుద్ధం మొదలైంది. ఆ వాక్యాన్ని స్పానిష్‌వాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. అది పుట్టింది ఒక వార్తాపత్రిక పేజీలో.

ఇంకా చెప్పుకుంటూ పోవచ్చు. తత్వవేత్త ఒర్తెగా ఇ గాసెత్ ‘మూకల తిరుగుబాటు’ను ‘ఎల్ సోల్’ దినపత్రికలో 1929 నుంచి ధారావాహికగా చదివారు, మరుసటి ఏడాది అది పుస్తకమైంది. 1898 ఓటమి నాటి స్పెయిన్ రచయితలకు ‘98 తరం’ అనే పేరును రచయిత అసోరిన్ స్థిరపరిచింది 1913లో ‘ఏబీసీ’ పత్రికలో రాసిన వ్యాసాల్లో. కార్మెన్ దె బుర్గోస్ 1909లో ఉత్తర ఆఫ్రికాలోని మెలిల్యా యుద్ధభూమికి విలేకరిగా వెళ్లింది, నవలలూ రాసింది. బ్యూనస్ ఎయిర్స్‌లో రొబెర్తో అర్ల్త్ 1928 నుంచి ‘ఎల్ ముందో’లో ఆ నగరం మీద కాలమ్ రాశాడు, నవలలు రాస్తూనే. పొట్లం కాగితమై పోయింది కూడా బోలెడు ఉంది, కాదనను. పోయిన నవలలూ అంతకు తక్కువేమీ లేవు.

గార్సియా మార్క్వెజ్ దగ్గరికి వద్దాం. పోస్టులో అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది ఆయన గురించిన మాటే, ఎందుకంటే ఆయన జీవితమంతా దానికి ఎదురు సాక్ష్యం. 1948లో కార్తహేనాలో ‘ఎల్ యూనివర్సల్’తో మొదలుపెట్టాడు. 1950 నుంచి బారాంకియాలో ‘ఎల్ హెరాల్దో’లో సెప్తిముస్ అనే పేరుతో ‘లా హిరాఫా’ అనే కాలమ్ రాశాడు, ఆ మాటకు అర్థం జిరాఫీ. 1954లో బొగొతాకు వచ్చి ‘ఎల్ ఎస్పెక్తదోర్’లో చేరాడు. ఇదంతా పేరు రాకముందు, సరే. నోబెల్ వచ్చింది 1982లో. 1994లో కార్తహేనాలో యువ జర్నలిస్టులకు శిక్షణ ఇచ్చే సంస్థ పెట్టాడు. 1996లో, అరవై తొమ్మిదేళ్ల వయసులో, కొలంబియాలోని మెదెయిన్ మాదకద్రవ్యాల ముఠాల కిడ్నాపుల మీద పూర్తిస్థాయి రిపోర్టేజ్ పుస్తకం తెచ్చాడు. అదే ఏడాది జర్నలిజాన్ని ప్రపంచంలోకెల్లా మంచి పని అంటూ ప్రసంగించాడు. ఆ తర్వాత ‘కాంబియో’ అనే వారపత్రికను మిత్రులతో కలిసి కొన్నాడు. వదిలేసినవాడు ఇవన్నీ చేస్తాడా?

ఆయన రాతలో వార్తా, సాహిత్యమూ ఎలా కలిశాయో చూడాలంటే 1955 నాటి ఒక సంగతి చాలు. ఫిబ్రవరి 28న కరీబియన్ సముద్రంలో కొలంబియా యుద్ధనౌక ‘కాల్దాస్’ నుంచి ఎనిమిది మంది నావికులు నీళ్లలో పడ్డారు. తుపాను వల్ల అని ప్రభుత్వం చెప్పింది. లూయిస్ అలెహాంద్రో వెలాస్కో ఒక్కడే తెప్ప మీద పది రోజులు తిండీ నీళ్లూ లేకుండా కొట్టుకుపోయి ఒడ్డుకు చేరాడు. అతన్ని వీరుడన్నారు, సన్మానించారు, వాచీల ప్రకటనల్లో వేశారు. అంతా అయ్యాక అతను ‘ఎల్ ఎస్పెక్తదోర్’కు వచ్చి నా కథ కొనుక్కుంటారా అన్నాడు. అప్పటికే పాతబడిన వార్త కాబట్టి గార్సియా మార్క్వెజ్‌కు మొదట ఆసక్తి లేదు. సంపాదకుడు గియెర్మో కానో పట్టుబట్టాడు.

రోజుకు ఆరు గంటల చొప్పున ఇరవై సార్లు కూర్చున్నారు. అడిగిందే మళ్లీ అడుగుతూ, ఎక్కడ తడబడతాడో చూస్తూ. ఒక రోజు తుపానును కాస్త వర్ణించమన్నప్పుడు వెలాస్కో నవ్వి, తుపానేమీ లేదన్నాడు. గాలికి ఓడ ఒరిగింది, డెక్ మీద సరిగా కట్టని సరుకు తెగి, దానితోపాటు మనుషులు కొట్టుకుపోయారు. ఆ సరుకు ఫ్రిజ్‌లు, టీవీలు, వాషింగ్ మెషిన్లు. యుద్ధనౌకలో దొంగ సరుకు! కథ వెలాస్కో గొంతుతో, అతని సంతకంతో, పద్నాలుగు భాగాలుగా వచ్చింది. నియంత రోహాస్ పినియా ప్రభుత్వం అబద్ధమని ఖండించింది. పత్రిక మిగతా నావికుల దగ్గర ఉన్న ఫొటోలు సంపాదించి అచ్చేసింది. వాటిలో మనుషుల వెనక పెట్టెలు, పెట్టెల మీద ఫ్యాక్టరీ గుర్తులతో సహా కనిపించాయి. కొన్ని నెలలకు ఆ పత్రికే మూతపడింది. అప్పటికి పారిస్‌లో విలేకరిగా ఉన్న గార్సియా మార్క్వెజ్‌కు కొలువు పోయింది. ఆ కథ మీద ఆయన పేరు మొదటిసారి పడింది 1970లో, అది పుస్తకమైనప్పుడు.

పది రోజుల ఆకలి, ఎండ, ఒంటరితనం మన ముందు కట్టడానికి నవలాకారుడి చేయి కావాలి. తుపాను లేదన్న ఒక్క మాట రాబట్టడానికి విలేకరి చెవి కావాలి. ఒకటి లేకుండా రెండోది ఆ పద్నాలుగు భాగాల్లో నిలబడేది కాదు.

చివరి ఆరోపణ, కల్పన కలుపుతారనేది. ఇందులో నిజం ఉందని ఒప్పుకోవాలి. 1954లో కొలంబియాలోని చోకో ప్రాంతాన్ని ముక్కలు చేసే ప్రతిపాదన మీద జనం పోటెత్తి నిరసన చేస్తున్నారని విని గార్సియా మార్క్వెజ్ ఆ ప్రాంతపు ముఖ్యపట్టణం కిబ్దో వెళ్లాడు. అక్కడ నిరసనా లేదు, జనమూ లేరు, ఊరు మధ్యాహ్నపు ఎండలో కునుకు తీస్తోంది. ఉత్త చేతులతో తిరిగి రాలేక, స్థానికులతో కలిసి నిరసనను తనే ఏర్పాటు చేయించి రిపోర్ట్ చేశానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. డెస్క్‌లో పనిచేసినవాడిగా నేను దీన్ని సమర్థించను. అది తప్పే. కానీ ఉన్న సంగతిని ఎలా చెప్పాలో సాహిత్యం నేర్పుతుంది. లేనిదాన్ని సృష్టించడం డెడ్‌లైన్ టెన్షన్‌లో కథ రాయని విలేకరి కూడా చేసే తప్పు. దాన్ని తీసుకొచ్చి సాహిత్యం నెత్తిన పెట్టడం సరికాదు.

1968 అక్టోబర్ 2న, ఒలింపిక్స్‌కు పది రోజుల ముందు, మెక్సికో నగరంలోని త్లతెలోల్కో కూడలిలో సైన్యం విద్యార్థుల మీద కాల్పులు జరిపింది. ఎలేనా పొనియతోవ్‌స్కా విద్యార్థులనూ తల్లులనూ ఖైదీలనూ కలిసి వాళ్ల మాటలను పక్కపక్కనే పేర్చి 1971లో పుస్తకం చేసింది. ఆమె సొంత గొంతు దాదాపు వినిపించదు. కూర్పే కళ. ప్రతిష్ఠాత్మకమైన సాహిత్య బహుమతి ఇస్తామంటే, చనిపోయినవాళ్లకు ఎవరిస్తారు బహుమతి అని అడిగి తిప్పికొట్టింది. ఆ పుస్తకంలో కల్పన ఎక్కడుందో పోస్టు రాసినవాళ్లు చూపించాలి.

వాల్ష్ కూడా తన పుస్తకాన్ని 1957తో వదిలేయలేదు. కొత్త ముద్రణ వచ్చిన ప్రతిసారీ దిద్దాడు, చేర్చాడు, తీసేశాడు. 1976 మార్చి 24న అర్జెంటీనాలో మళ్లీ సైన్యం అధికారం లాక్కుంది. సరిగ్గా ఏడాదికి, అజ్ఞాతంలో ఉంటూనే, ఆయన జుంటాకు, అంటే ఆ సైనిక పాలకమండలికి, బహిరంగ లేఖ రాశాడు. పదిహేను వేల మంది మాయం, పది వేల మంది ఖైదు, నాలుగు వేల మంది హతం అని అంకెలు పెట్టి, ఏ ఆర్థిక విధానం కోసం ఇదంతా జరుగుతోందో విడమరిచి, ఒక్కో వాక్యం చెక్కి రాశాడు. మర్నాడు, మార్చి 25న, ప్రతులను తపాలా డబ్బాల్లో వేశాడు. ఆ రోజే నౌకాదళ ముఠా బ్యూనస్ ఎయిర్స్ వీధిలో ఆయన్ని మాటువేసి కాల్చింది. శవం ఈనాటికీ దొరకలేదు. ఆ లేఖను అక్కడి పత్రికలేవీ అచ్చు వేయలేదు. ఇరవై ఏళ్ల కిందట ఫ్రాన్సిస్కో ఫ్రెయిరె పేరుతో దొంగ కార్డు పట్టుకు తిరిగిన మనిషి, ఆ లేఖ కింద రొదోల్ఫో వాల్ష్ అని రాసి, పక్కన తన అసలు గుర్తింపు కార్డు నంబరు వేశాడు.